డెక్ మీద పడుకున్న పాపాయి

"ఫిల్మ్ ఆ పడవలోనే ఉంది సిగ్వార్ట్. గైరాంగర్ రేవు చేరేలోగా దొరకాలి," అన్నాడు ఫోన్‌లో చీఫ్.

"ఎవరి దగ్గరుంది?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

ఫోన్ పెట్టేశాడు. సిగ్వార్ట్ పళ్లు కొరుక్కుంటూ టూరిస్టు పడవ ఎక్కాడు. ఉత్తర తీరంలో నార్వే జలాంతర్గాములు ఎక్కడెక్కడ నక్కి ఉన్నాయో ఆ మైక్రోఫిల్మ్‌లో ఉంది. పరాయి ముఠా దాన్ని రేవు దాటిస్తే ఒక్కటీ మిగలదు. వాటిలో ఒకదాంట్లో అతని తమ్ముడు ఉన్నాడు.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ ఫియర్డ్ అందాల కోసం జనం రెయిలింగ్ దగ్గర తోసుకుంటున్నారు. అతనికి కొండలూ కనబడలేదు, జలపాతాలూ కనబడలేదు. పక్షుల పరిశోధకుడి వేషం. బైనాక్యులర్స్‌లో రహస్య కెమెరా. వాన నీళ్లు దూరి అది కాస్తా మూలపడింది. ఇంజిన్ గది నుంచి టాయిలెట్ దాకా గాలించాడు. సంచులు తడుముతుంటే ఒక ముసలమ్మ గొడుగుతో ఒక్కటిచ్చుకుంది. ఫిల్మ్ మాత్రం దొరకలేదు.

క్యాంటీన్‌లో ఎర్రకోటు సుందరి సున్నివా, వాఫిల్ మీద బ్రౌన్ చీజ్ పరుచుకుంటోంది. రెండు దేశాల జీతం తీసుకునే ఏజెంట్ ఆమె.

"ఈ వాన ఆగుతుందంటారా?" కోడ్ వర్డ్ విసిరాడు.

"ఏడాదంతా వానలో తడిసే బెర్గెన్ వాళ్లని అడగాలి," అందామె. కోడ్ కుదిరింది.

"ఎక్కడుంది?"

"నీ కళ్లముందే ఉంది. ఇంకొక్క ముక్క చెబితే వాళ్లు నన్ను ఈ నీళ్లలోనే కలిపేస్తారు."

"ఈ మాత్రానికేనా నీకు జీతం?"

"మీరిచ్చేది సగమే కదా. సమాచారమూ సగమే."

ఒళ్లు మండిపోతూ డెక్ మీదికి వచ్చాడు. అక్కడ పసిపిల్లల బండి ఒకటి ఒంటరిగా ఉంది. తల్లి లోపల కాఫీ తాగుతూ ఉంటుంది. చలిగాలిలో పడుకుంటేనే పిల్లలు గట్టిపడతారని నార్వే తల్లుల నమ్మకం. అతనూ అలా పెరిగినవాడే. జల్లు కొడుతోందని బండి కప్పు ముందుకు లాగాడు. పక్కన పగలబడి నవ్వుతున్న వాళ్లను, "నెమ్మదిగా, పాప పడుకుంది," అని కసిరాడు కూడా.

రేవు వచ్చేసింది. దిగడానికి పలక వేశారు. ఇక తమ్ముడు దక్కడనుకునేసరికి సిగ్వార్ట్‌కి ఏడుపొచ్చినంత పనైంది. పొడుగాటివాడొకడు పిల్లల బండిని పలక మీదికి తోసుకొచ్చాడు.

అప్పుడే కెప్టెన్ హారన్ మోగించాడు. కొండలు దద్దరిల్లాయి. కుంభకర్ణుడినైనా లేపే మోత అది. క్యాబిన్‌లో పిల్లలు గుక్కపట్టారు. ఎవరిదో కుక్క మొరిగింది. బండిలోంచి మాత్రం కిక్కురుమన్న శబ్దం లేదు.

సిగ్వార్ట్ ఒక్క గెంతులో వెళ్లి బండి పిడి పట్టుకున్నాడు.

"పాప పడుకుందండీ," అన్నాడు పొడుగాటివాడు.

సిగ్వార్ట్ దుప్పటి లాగాడు. రబ్బరు బొమ్మ. పక్కన పాలసీసా, అందులో చుట్ట చుట్టిన ఫిల్మ్. వాడి చెయ్యి జేబులోకి పోయేలోగా బండితోనే వాడి మోకాళ్ల మీద కొట్టాడు. వాడు నీళ్లలో పడ్డాడు. రేవులో కాచుకున్న పోలీసులు పైకి లాగారు.

"వానకి ఆ బండి కప్పు సర్దింది నువ్వేగా. నవ్వాపుకోలేక చచ్చాననుకో," అంటూ సున్నివా దిగిపోయింది.

తమ్ముడు బతికాడు. అయినా మనసు కుదుటపడలేదు. రేవులోని కాఫీ హోటల్ బయట, వానలో, అరడజను పిల్లల బండ్లు ఉన్నాయి. ముఠా దగ్గర ఒక్క బండే ఉందని ఎవరు చెప్పారు? మొదటి దుప్పటి ఎత్తాడు. లోపలి పాప కళ్లు తెరిచి ఊరంతా వినబడేలా ఏడుపందుకుంది.

తల్లి కాఫీ కప్పుతోనే బయటికొచ్చింది. "ఇప్పుడే కదయ్యా నిద్రపుచ్చాను. ఎవరు నువ్వు, నా పాపతో నీకేం పని?"

ఈ ప్రశ్నకు హెడ్డాఫీసు ఏ కోడ్ వర్డూ ఇవ్వలేదు.