పది రోజుల అన్నయ్య

"నూరు మాటలకు మించకూడదు," అన్నాడు వీరరాఘవన్ కాగితం చాపుతూ. "ఈ కాలేజీ జీవితం గురించి మీ అభిప్రాయం. మ్యాగజీన్ కోసం."

అన్నది ఇంగ్లీషులో. కోయంబత్తూరు మిల్లులు మూడు షిఫ్టులూ ఆడే ఆ రోజుల్లో, ఆ పెద్ద కాలేజీలో క్లాసుకు ఇంగ్లీషు, వరండాకు తమిళం. తరాల కిందట అక్కడ స్థిరపడిన ఇళ్ళలో తెలుగుకేమో వంటింటి గడప దాటే అలవాటు లేదు.

సౌందరానికి అప్పటికే ఒళ్ళు మండుతోంది. సూలూరు బస్సు ముప్పావుగంట ఆలస్యం. వానకు చీర కుచ్చిళ్ళు తడిసి ముద్దయ్యాయి. పైగా ఎకనామిక్స్ ప్రొఫెసరు అందరి ముందూ గడియారం చూపించాడు. ఎం.ఏ. రెండో ఏడు చదువుతున్న పిల్లకు ఇది మర్యాదేనా? కాగితం లాక్కుని, ఈ మనిషికి తెలియదులే అన్న ధీమాతో తెలుగులో గొణిగింది.

"ఈ మొగానికి అబిప్రాయం ఒకటే తక్కువ!"

"మొగం సంగతి తర్వాత చూస్తాం. అబిప్రాయం శుక్రవారం లోపల ఇయ్యండి," అన్నాడతను, అచ్చంగా ఇంటి తెలుగులో.

సౌందరం నాలిక కరుచుకుంది.

"మీరు... మనోళ్ళా?"

"ఆ, మాది తిరుమంగళం. రెండేండ్లుగా మీ వెనక బెంచీలోనే ఉండాను. మీరు పెన్సిలుతో, ఫ్యానుతో, వానతో అందరితోనూ తెలుగులోనే పోట్లాడతారు. సుమ్మా, ఊరికే వింటా ఉండాను."

"విని నవ్వుతా ఉండారా?"

"ఆమా, అవును. క్లాసులో నాకు నిద్దర రాకుండా ఉండేది అందుకే."

కోపం రావలసిన చోట ఆమెకు నవ్వొచ్చింది. అదే మొదలు. అమ్మాయిలెవరూ అతనికి అభిప్రాయాలు చెప్పడం లేదు కనుక వాళ్ళ కాగితాలు తను అడిగి తెచ్చిపెడతానంది. అతను వద్దనలేదు.

కాగితాలు ఒక్కొక్కటే వచ్చాయి. కారులో దిగే మిల్లు యజమాని కొడుకు రత్నసభాపతి, "క్యాంటీన్ కాఫీ మారిస్తే చదువు దానంతట అదే బాగుపడుతుంది" అని రాశాడు. హాస్టల్లో ఉండే గోమతి, "ఆరు గంటలకు మా గేటు మూసేస్తారు. లోకం సరిగ్గా ఆరూ ఐదుకు మొదలవుతుంది" అంది. పొల్లాచ్చి కొబ్బరితోటల నుంచి వచ్చిన బాలసుబ్రమణియన్ మాత్రం ఇలా రాశాడు. "మొదటి ఏడు నా తలనూనె వాసనకు సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆదివారం కూడా ఇంటికి పోవడం లేదు. దానికి ఇంకా సిగ్గుపడుతున్నాను. దయచేసి పేరు వేయకండి."

"మీదేదీ?" అన్నాడు వీరరాఘవన్.

"నాది రాయను రాదు. మా నాయన మిల్లులో మేస్త్రీ. ఈడ కార్ల పక్కన నిలబడితే మిల్లు గుర్తొస్తాది. ఆడ మిల్లు సంగు మోగి షిఫ్టు మారితే ఈ క్లాసు గుర్తొస్తాది. యాడా కుదురు లే నాకు."

"నాకూ అట్లే. మీరు పక్కన ఉంటే మాత్రం కుదురుగా ఉండాది."

అనేసి, తనకేం తెలియనట్టు కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ మాట పట్టుకుని సౌందరం సూలూరు దాకా బస్సులో నిలబడే వెళ్ళింది. సీటు ఖాళీగానే ఉంది, కూర్చోబుద్ధి కాలేదు. తను అతణ్ణి ప్రేమిస్తోంది. ఇందులో ఇక అనుమానం లేదు.

సోమవారం సౌందరం తన అవ్వ కృష్ణమ్మాళ్‌ను కంటి డాక్టరుకు చూపించడానికి నగరానికి తీసుకొచ్చింది. దారిలో కాలేజీ లైబ్రరీలో పుస్తకం ఇచ్చి వచ్చేదాకా అవ్వను చూస్తూ ఉండమని వీరరాఘవన్‌కు అప్పగించింది. పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి అవ్వ ముఖం వెలిగిపోతోంది. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

మర్నాడు క్లాసు ముందు, అందరూ వింటుండగా అన్నాడు.

"ఏం చెల్లెలా, అవ్వకు కన్ను ఎట్లుండాది?"

సౌందరం వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. వెనక ఎవరూ లేరు. ఆ చెల్లెలు తనే.

అది మొదలు ఇదే వరస. దారిలో కనిపిస్తే చెల్లెలా. కాగితాలు ఇస్తే "ఆడ పెట్టు చెల్లెలా". కూర్చుంటే రెండు బెంచీల దూరం. తెలుగు తెలియకపోయినా పిలుపు పట్టేసిన గోమతి, "ఏమే, మీ అన్నయ్య నిన్ను చూసి పారిపోతున్నాడు" అని తమిళంలో ఏడిపించింది. మూడు వారాల్లో పరీక్షలు. అవి కాగానే అతను తిరుమంగళంలో తండ్రి దూది కొట్టుకు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎక్కడ చూస్తుంది? సౌందరానికి అన్నం ముందు కూర్చుంటే ఆకలి ఉండదు, పుస్తకం తెరిస్తే అక్షరం నిలవదు. తనే ఏదో పొరపాటు మాట అనేసిందేమోనని అన్న మాటలన్నీ వెతుక్కుంది. ఏదీ దొరకలేదు.

పదో రోజుకు ఓపిక అయిపోయింది. తన అభిప్రాయం రాసి, లైబ్రరీ వరండాలో ఒంటరిగా ఉన్న అతని ముందు పెట్టింది. బయట వాన దంచి కొడుతోంది.

"ఎడిటరు గదా, చదవండి. బిగ్గరగా."

అతను చదివాడు. "ఈ కాలేజీలో కాఫీ గురించి, గేటు గురించి, దేశం గురించి అందరికీ అభిప్రాయాలున్నాయి. అడిగితే ఇంగ్లీషులో చక్కగా చెబుతారు. కానీ ఎదుటి మనిషిని గురించి మనసులో ఏముందో చెప్పమంటే ఒక్కరికీ నోరు పెగలదు. ఇక్కడ రెండేళ్ళు చదివి నేను నేర్చుకున్నది ఇదే..." అక్కడే ఆపేశాడు. కాగితం కింద పెట్టాడు.

"నేనేం తప్పు చేసినాను?" అంది సౌందరం. ఏడవకూడదనుకుంది, కళ్ళు వినలేదు.

"తప్పు నీది కాదు. మన ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు."

"ఏంది?"

"ఆ దినం మీ అవ్వ నన్ను ఎవరింటి బిడ్డవని అడిగింది. ముత్తినేనోళ్ళమన్నాను. మాదీ ముత్తినేనే తంబీ అని నా చెయ్యి పట్టుకొని కన్నీళ్ళు పెట్టుకొనింది. ఇంకేం అడిగేది? నువ్వు నాకు చెల్లెలయితివి."

వాళ్ళ పేర్ల ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరమే. ఇంటిపేరు కాలేజీ రిజిస్టర్లో ఉండదు. పెళ్ళి మాట వచ్చినప్పుడే అది బయటికి వస్తుంది. ఒకే ఇంటిపేరున్న పిల్లా పిల్లవాడూ ఎంత దూరం వాళ్ళైనా అన్నాచెల్లెళ్ళే. ఆ మాట మీద ఇక వాదన లేదు.

సౌందరం బెంచీ మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఆమె మా నాయన తల్లి కాదు! మా అమ్మను కన్నతల్లి. మగబిడ్డలు లేరని కూతురింట్లో ఉండాది. ముత్తినేని అనేది మా అమ్మ పుట్టిల్లు. మాది కోడూరోళ్ళ ఇల్లు."

వీరరాఘవన్ వేళ్ళు మడిచి లెక్క వేయసాగాడు. "అంటే మీ అమ్మ మా ఇంటి ఆడబిడ్డ. నాకు..."

"అత్త వరస."

"అయితే నువ్వు..."

"ఆ లెక్క మీరే చెయ్యండి. ఎం.ఏ. చదువుతుండారు గదా!"

లెక్క తేలింది. పది రోజులుగా చూడని నవ్వు అతని ముఖమంతా పరుచుకుంది. ఆ నవ్వు చూడగానే సౌందరానికి అణుచుకున్న కోపమంతా పొంగుకొచ్చింది.

"వరస కుదిరిందని ఇప్పుడు నవ్వుతుండారే! ఈ పది దినాలు నేనేమైపోయినానో ఒక్క దినమన్నా చూసినారా? నా దగ్గిరకొచ్చి ఒక్క మాట అడిగుంటే ఏం పోయుండును?"

అతని నవ్వు మాయమైంది.

"అడిగితే అవును, ముత్తినేనే అంటావేమోనని బయమేసింది. అడక్కుండా ఉంటే కొంచెమన్నా ఆశ ఉంటాది గదా. చెల్లెలా అన్నప్పుడంతా నోరు కాలింది సౌందరం. అనకపోతే నా మనసు నా మాట వినదని అన్నాను. అన్నా వినలేదు."

సౌందరం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకమీదట బయమేస్తే మొదట నన్నే అడగాల. మీరొక్కరే తీర్పు చెప్పేసుకోకూడదు."

"సరి. ఇప్పుడే బయమేస్తా ఉండాది. అడుగుతుండాను. నన్ను చేసుకుంటావా?"

"చేసుకుంటాను. కోపం మాత్రం ఇంకా రెండు దినాలు ఉంటాది. ఇప్పుడు గొడుగు తీసుకోండి. సూలూరు బస్సుకు టైమైంది."

"నేనెందుకు?"

"తెలియకుండానే మా అవ్వ మిమ్మల్ని ఇంత తిప్పలు పెట్టింది. ఆమె ముందరే తేలిపోనీ."

సూలూరులో ఇల్లు చేరేసరికి అవ్వ తిన్నె మీద చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. సౌందరం సంగతంతా చెప్పింది. చెల్లెలు మాట చెప్పేటప్పుడు మాత్రం కావాలనే రెండుసార్లు చెప్పింది. వీరరాఘవన్ తల వంచుకుని నిలబడ్డాడు.

అవ్వ చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని, పొరలు కమ్మిన కళ్ళు చికిలించి అతణ్ణి చూసింది.

"ఓరి పిచ్చోడా! దానికి నేను తల్లిని కన్నదాన్ని. నీకు నాయనను కన్న వరసదాన్ని. మా ఇంటి పేరు చెప్పుకొనే మగబిడ్డ లేడని ఇరవై ఏండ్లుగా మనసులో పెట్టుకొని ఉండాను. ఆ దినం నీ చెయ్యి పట్టుకొని ఏంటికి ఏడిసినాననుకొంటివి? నా మనవరాలికి నా ఇంటి మాప్పిళ్ళై, నా ఇంటి పెండ్లికొడుకు దొరికినాడనిరా!"

మాటలు విని, నీళ్ళ చెంబుతో లోపల్నుంచి వచ్చిన సౌందరం తల్లి గడపలోనే ఆగి, ఎవరీ అబ్బాయి అన్నట్టు చూసింది.

వీరరాఘవన్ ఈసారి వేళ్ళు మడవలేదు. రెండడుగులు ముందుకు వేసి చెంబు అందుకున్నాడు.

"బాగుండారా అత్తా?" అన్నాడు.