అక్క వేసుకునే మాత్ర

అతను చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ పెట్టె ఆనించాడు. ఆ ఇంటి ముందుగదే అక్కాతమ్ముళ్ల ఇస్త్రీ కొట్టు. స్టూలు మీద కూర్చున్న అమ్మాయి అతని చేతులకేసి చూస్తోంది. ఆసుపత్రి ల్యాబ్‌లో కణాలు పెంచడం ఆమె పని. అక్కాతమ్ముళ్లిద్దరికీ పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుంది. అతని రక్తం నుంచీ, అతని అక్క రక్తం నుంచీ తయారైన గుండె కణాలు ఆమె దగ్గర గాజు పళ్లేల్లో కొట్టుకుంటున్నాయి.

"నా గుండె నీ దగ్గరే ఉందిగా ల్యాబ్ పిల్లా! ఏమంటోంది?"

"నీలాగే. చెప్పిన మాట వినదు."

"పెళ్లికి ఒప్పుకుందా లేదా?"

అక్క గుండెని కుదుటపరిచిన మాత్ర తనకీ పనిచేస్తుందని తేలితే, పెళ్లి గురించి ఆమె నాన్నని అడుగుతానని ఇదివరకే అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

"ఆ మాత్రలోని మందు నీ కణాలకి ఇచ్చి చూశాం. తడబడ్డాయి. కొన్ని ఆగిపోయాయి. రేపు డాక్టర్‌గారు చెబుతారు. అంతదాకా నేను ఆగలేకపోయాను."

"అక్కని నిలబెట్టింది అదేగా?"

"మీ ఇద్దరికీ వచ్చిన లోపం ఒకటే. కణంలోకి సోడియం వెళ్లే తలుపులుంటాయి. వదినకి అవి పూర్తిగా మూసుకోవు, మాత్ర మూస్తుంది. నీకు అవి సరిగ్గా తెరుచుకోనే తెరుచుకోవు. ఆ కాస్తా మూసేస్తే..."

లోపలి గుమ్మం దగ్గర బట్టల మూట కింద పడింది.

"వీడికి ఆ మాత్ర నేనే ఇస్తున్నానమ్మాయ్," అంది అక్క. "పోయిన నెల నుంచి, నా వాటిలోంచే. ఒక్క కడుపున పుట్టాం, ఒక్క మందే అనుకున్నా. పెళ్లినాటికి గట్టిపడతాడని..."

అతను ఈమధ్య రెండుసార్లు కళ్లు తిరిగి ఎందుకు పడిపోయాడో ముగ్గురికీ అర్థమైంది.

"ఊరుకో అక్కా. ప్రేమతోనేగా ఇచ్చావు," అని అతను ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. "మరి నాకు మందు?"

"ఇప్పటికి లేదు. ఛాతీలో చిన్న యంత్రం పెడతారు. గుండె గతి తప్పితే అదే షాక్ కొట్టి లేపుతుంది."

"పిల్లలకి?"

"రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం."

"మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. టీవీ సౌండ్ పెంచారు. ఆయన సంగతి నేను చూసుకుంటా. నాకు నువ్వు చాలు."

అతను చొక్కా మడతపెట్టి పక్కన పెట్టాడు.

"మా నాన్న నిద్రలో పోయాడు. అమ్మ పక్కనే పడుకుంది. తెల్లారి కాఫీ కలిపి లేపేదాకా ఆవిడకి తెలీదు."

"యంత్రం ఉంటుంది కదా!"

"ఉంటుంది. అయినా ప్రతి రాత్రీ నువ్వు లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తావు. చూడనని చెప్పు, ఇప్పుడే వచ్చి మీ నాన్న కాళ్లు పట్టుకుంటా."

"చూడను" అనబోయింది ఆమె. రోజూ ల్యాబ్‌కి వెళ్లగానే అతని కణాలున్న పళ్లెం ముందు, మైక్రోస్కోపులోకి చూడటానికి ధైర్యం చాలక కళ్లు మూసుకుని నిలబడేది తనే. అతనితో అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

అక్క ఆమె ముఖంలోకి ఆశగా చూసింది.

ఆమె స్టూలు మీంచి లేచింది. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.