ఊపిరి పీల్చిన కొలత

మా కుట్టుగది మేడ మీద ఉంటుంది. కింద నా మేనకోడలు ఇస్త్రీ చేస్తుంది, పైన నేను కుడతాను. సాయంత్రం వెలుతురు తగ్గి, సూదిలోకి దారం ఎక్కించడం కష్టమయ్యే వేళకి ఒకాయన వీధి మెట్ల మీదుగా వచ్చేవాడు. మొదటిసారి ఊడిన గుండీ కోసం. తర్వాత రోజూ ఏదో ఒక వంక. వస్తూనే "వాన పడేలా ఉందండీ" అనేవాడు. అందుకే మేం ఆయనకి వానాయన అని పేరు పెట్టాం.

"మబ్బుంది గానీ పడదండి" అనేదాన్ని.

"భోంచేశారా?"

"అయిందండి. మీరు?"

ఇంతే మా కబుర్లు. ఇందులో ఏముందని మీరనుకోవచ్చు. పెళ్ళి లేకుండానే అరవై ఆరేళ్ళు వచ్చాయి నాకు. మా నాన్న పోయాక, తిన్నావా అని నన్నడిగిన మగమనిషి ఈయనొక్కడే.

"అత్తా, ఆ పౌడరు గోడకి కాస్త మిగల్చు, సున్నం కొట్టే పని తప్పుతుంది" అని ఏడిపించేది మేనకోడలు. "అయినా ఎంత నెమ్మదస్తుడే ఆయన. గొంతు కింద దాకా రాదు. నీ నవ్వొక్కటే వినబడుతుంది."

"ముందు నీ ఇస్త్రీ చూసుకో, మాడు వాసనొస్తోంది" అనేదాన్ని.

ఆ మంగళవారం ఆయన కోటుకి కొలతలు ఇస్తానన్నాడు.

"ఏదైనా శుభకార్యమా?"

"మీరు సరేనంటే, మన పెళ్ళికి" అన్నాడు, కిటికీ వంక చూస్తూ.

చేతిలోని టేపు విప్పాను. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ముందు కొలతలు కానివ్వండి" అన్నాను.

మా పనిలో ఛాతీని రెండుసార్లు కొలుస్తాం. ఊపిరి నిండా పీల్చినప్పుడొకటి, వదిలేశాక ఒకటి. ఎంత బక్కపలచటి మనిషికైనా ఆ రెంటికీ తేడా ఉంటుంది.

"పీల్చండి." ముప్ఫై ఎనిమిది.

"వదలండి." ముప్ఫై ఎనిమిది.

తప్పు నాదే అనుకున్నాను. ఈమధ్య నా బుర్ర జల్లెడైపోయింది. పోయిన నెల ఒకరి చేతుల పొడవు ఇంకొకరి చొక్కాకి పెట్టాను. మళ్ళీ టేపు చుట్టాను. దగ్గరికి వెళ్తే ఆయన మీద తడిసిన ఉన్ని వాసన. వాన పడి రెండు నెలలైంది.

"పీల్చండి..."

"పీల్చానండీ."

టేపు బిగుసుకోలేదు.

గుర్తులు పెట్టే సుద్దని అరచేతిలో మెత్తగా నలిపాను. కాలరు చూస్తున్నట్టు చెయ్యి పైకి తెచ్చాను. ఆయన పెదవులకీ నా అరచేతికీ మధ్య బెత్తెడు దూరం.

"ఇవాళ కబుర్లేం చెప్పలేదే?" అన్నాను.

"వాన పడేలా ఉందండీ."

పొడి కదల్లేదు. ఒక్క రేణువు కూడా...

"మీ మాట చెప్పలేదు" అన్నాడు, గుసగుసగా.

"రేపు చెబుతాను."

ఆయన మెట్లు దిగాక కుట్టుగదికి గడియ వేసి నా గదిలోకి వచ్చేశాను. చాలాసేపు ఆలోచించాను. ఇన్నేళ్ళకి అడిగిన ఒకే ఒక్కడు. అయినా సరే, వద్దు. మరిచిపోతానేమోనన్న భయంతో వద్దన్న ఆ ఒక్క మాట కాగితం మీద రాసి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్నే మేనకోడలు టీ గ్లాసుతో పైకొచ్చింది. ముఖమంతా నవ్వే.

"నాతో ఒక్క మాటైనా అనకుండా ఒప్పేసుకున్నావా అత్తా?"

"ఏం ఒప్పుకున్నాను?"

"ఇంకా బుకాయింపు ఒకటి. నిన్న సాయంత్రం కింద నుంచి విన్నాను. సరే, సరే, సరే అన్నావు. ఒకసారి చాలదూ? ఇక తెల్లారేదాకా మిషను చప్పుడే. ఎవరికి నిద్ర?"

నేను అనలేదు. అన్నానా... అనలేదు. పడుకున్నాను. అది గుర్తుంది.

కుట్టుగది గడియ వేసింది వేసినట్టే ఉంది. తీశాను. కొక్కేనికి ఆయన కోటు వేలాడుతోంది. గుండీలతో సహా పూర్తయింది. కుట్టు నాదే. నా చేతి కుట్టు నాకు తెలియదా?

కిటికీ మూసి ఉంది. ఫ్యాను తిరగడం లేదు. కోటు ఛాతీ మెల్లగా పైకి లేచింది... దిగింది... మళ్ళీ లేచింది.

గుమ్మంలోనే నిలబడి ఊపిరి బిగబట్టాను.

కోటు కదలడం ఆగింది.