రెక్కకు అటూ ఇటూ

"గిది మంచం గాదు, విమానం రెక్క," అంది రోజారాణి.

"మంచమైనా రెక్కైనా ఇనుముకు తెల్వదు మేడం. మోయమంటే మోస్తది," అన్నాడు వీరేందర్.

మేడ్చల్‌లో వీరేందర్‌ది వెల్డింగు షాపు. గేట్లు, గ్రిల్లులు, పెళ్లి మంచాలు చేసి పైకొచ్చినవాడు. శామీర్‌పేటలో మూతపడిన కోళ్ల షెడ్డులో ఎవరో విమానం కడుతున్నారంటే ముందు నమ్మలేదు. ఆర్డరు ఇచ్చాక నమ్మాడు.

కడుతున్నది రోజారాణి తండ్రి బాలరాజు. ఎయిర్‌ఫోర్స్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఒక్కరు కూర్చునే చిన్న విమానం. దాని చెక్క రెక్కలకు రెండు వైపులా బట్ట కప్పాలి. అందుకని రెక్కను రెండు కొసలా పట్టుకుని, కావలసినట్టు తిప్పే స్టాండ్లు చేయమన్నాడు.

రెక్కను స్టాండ్లకెక్కించారు. వీరేందర్ గర్వంగా చేతులు కట్టుకున్నాడు. రోజారాణి రెక్కను పట్టుకున్న చేయి తీసింది. రెక్క గిర్రున తిరిగి అతని మోకాలిని పలకరించింది.

"అబ్బా!"

"ఇనుముకు తెల్వదంటివి. మోకాలుకు తెల్సిందా?"

మూలన చాటలో బియ్యం ఏరుకుంటున్న సిద్దమ్మ, బాలరాజు తల్లి, పకపకా నవ్వింది.

"సరిగ్గ నడుమనే పెట్టిన గద ఇరుసు!" అన్నాడు వీరేందర్ మోకాలు రుద్దుకుంటూ.

"రెక్కకు బరువంత ముందటి దిక్కే ఉంటది. నడుమ పెడితే ఎట్ల ఆగుతది?"

అతను క్షణం ఆలోచించాడు. "కావడి లెక్కనా? బరువున్న దిక్కుకు భుజం జరపాలె."

రోజారాణి మొదటిసారి అతని వైపు సరిగ్గా చూసింది. "పర్వాలేదు. చెప్తే ఎక్కుతది నీకు."

స్టాండ్లు ట్రాలీ ఆటోలో మేడ్చల్‌కు తిరిగిపోయాయి. చెడిన సరుకు వెనక్కి తీసుకోవడం నష్టం కాదు, మళ్లీ వచ్చే దారి. వీరేందర్ ఆ లెక్క ఎప్పుడో నేర్చినవాడు. ఈసారి ఇరుసు చోటు మార్చాడు. ఎక్కడంటే అక్కడ ఆగేలా కొక్కెం కూడా పెట్టాడు. రోజారాణి వేలితో తోసింది. రెక్క మెత్తగా తిరిగి, చెప్పినచోట ఆగింది.

ఆమె ఇంకోసారి తిప్పి చూసుకుంది. అంతకంటే పెద్ద మెప్పు అతనికెవరూ ఇవ్వలేదు.

బట్ట అంటించి ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే రెక్క డోలులా బిగిసింది. ఇక కుట్టు మిగిలింది. ఎగిరేటప్పుడు బట్ట లేవకుండా లోపలి బద్దలకు కలిపి కుట్టాలి. రెక్కను నిలువుగా నిలబెట్టి, ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడాలి. మూరెడు సూది ఇటు గుచ్చితే, అటువాళ్లు అందుకుని తిరిగి గుచ్చాలి.

"నాయినకు భుజం లేస్తలేదు. నీకు కుట్టొస్తదా?"

"గోనె సంచులు కుట్టిన."

"అయితే సాలు. బట్ట మాత్రం చింపకు."

వానలు మొదలయ్యాయి. రేకుల మీద చినుకులు, బట్టకు అవతల ఆమె గాజులు. మనిషి కనిపించదు, మాట వినిపిస్తుంది.

"షాపు ఎవరు సూస్తున్నరు?"

"షాపు యాడికి పోతది?"

"గిరాకి పోతది."

"పోయే గిరాకిని పోనీ."

నోట్లోంచి వచ్చిన ఆ మాటకు వీరేందరే ఉలిక్కిపడ్డాడు.

చివరి వరుసకు వచ్చారు. అవతలి నుంచి రోజారాణి మాట వచ్చింది.

"ఆదివారం తుర్కపల్లి నుంచి సంబంధమొస్తాంది. ల్యాబుల కొలువంట. కంపెనీ కారు ఇంటిముందటికే వస్తదంట."

వీరేందర్ దారం బిగించాడు. ముందుగా ధర చెప్పినవాడే నష్టపోతాడన్నది అతని వ్యాపార సూత్రం. అందుకే ఎదుటివాళ్ల చేతనే చెప్పించాలని చూశాడు.

"నువ్వేమన్నవ్?"

"నన్నెవరన్న అడిగితే గద."

సూది గుచ్చాడు. అటు వెళ్లిన సూది తిరిగి రాలేదు.

"సూదేది?"

"నా దగ్గరున్నది."

"ఇయ్యరాదు."

"ఇయ్య. నీకేం తొందర? గీ వరుసైతే గీ రెక్క పనైపోతది. మేడ్చల్ బాట వడ్తవ్."

వీరేందర్ లెక్క చూసుకున్నాడు. ముందు నోరు విప్పితే పోయేది పరువు. విప్పకపోతే పోయేది ఈ పిల్ల. ఇంత తేలిక లెక్కకు ఇన్నాళ్లు పట్టినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"రోజా, నేను గేట్లు, మంచాలు జేసేటోన్ని. కారు లేదు, ట్రాలీ ఆటో ఉన్నది. నన్ను జేసుకుంటవా?"

అతని గుండెకు ఎదురుగా, సూది మొన మెల్లగా బయటికొచ్చింది.

"లాగు," అంది ఆమె. "మెల్లగ. తెంపకు."

"ఓ బాలరాజూ!" మూల నుంచి సిద్దమ్మ గొంతు. "జూస్తున్నవా? లగ్గంల పిల్లకు పిలగానికి నడుమ తెరసెల్ల పట్టినట్టే ఉన్నది గదరా!"

విమానం తోక దగ్గర చెక్కను గరుకు కాగితంతో రుద్దుతున్న బాలరాజు తలెత్తలేదు. "జూస్తున్ననే అవ్వా. మోకాలుకు తాకినకాడి నుంచి జూస్తనే ఉన్న." లేచి చేతులు దులుపుకున్నాడు. "ఏం వీరేందర్, స్టాండు నువ్వు జేసిందే గద? తిప్పు."

వీరేందర్ కొక్కెం తీసి వేలితో తోశాడు. రెక్క మెత్తగా వాలింది. తెర దిగినట్టు, అవతల రోజారాణి ముఖం కనిపించింది. జడకు దారపు ముక్కలు, కళ్లు నేలమీద.

సిద్దమ్మ చాటలోంచి గుప్పెడు బియ్యం విసిరింది.

"అవ్వా! బట్ట మీద వడ్తయే!" బాలరాజు అరిచాడు.

"వడనీరా."

బాలరాజు ఒక్కొక్క గింజా ఏరుతూ అన్నాడు: "తుర్కపల్లోల్లకు నేను ఫోన్ జేసి రావొద్దని చెప్త. ఆదివారం ఎట్లాగు వంట జేస్తం, మీ అమ్మానాయినలను తోల్కరా. ఇగ ఇంకో రెక్కున్నది. అల్లుడైనంక కుడతవా, ముందే కుడతవా?"

"ముందే కుట్టించుకో నాయినా," అంది రోజారాణి. "లగ్గమైనంక బేరమాడ్తడు."

వీరేందర్ అప్పటికే సూదిలో కొత్త దారం ఎక్కిస్తున్నాడు.