పన్నెండో గోరీ

యూనివర్సిటీ వెనక, లాలాగూడకు పోయే బాట పక్కన, సర్కారు తుమ్మల మధ్య పన్నెండు గోరీలున్నాయి. క్యాంపస్ తోటలో మాలీగా చేసే దానయ్య ప్రతి ఆదివారం అక్కడ ముళ్లకంప కొట్టి, గోరీలకు సున్నం వేసి, నల్లరంగుతో పేర్లు దిద్దేవాడు. హాస్టలు పిల్లలు పుణ్యాత్ముడనేవారు. పుణ్యమా, పాడా! చేసిన తప్పు పెట్టే మంట అది.

ఎనభై మూడు వానాకాలంలో అతని భార్య శివమ్మ, కల్లు కాంపౌండులన్నీ మొగుడి కోసం వెతికి, జ్వరంతో, తడిసిన చీరతో తార్నాకలోని గదికి వచ్చి తలుపు కొట్టింది. ఇతగాడు అప్పటికే వేరే దారిన వచ్చి గడియ పెట్టుకుని పడుకున్నాడు. "ఏమయ్యా, గడియ తియ్యి" అన్న మాట వినిపించింది కూడా. లేవబుద్ధి కాలేదు. తెల్లారేసరికి ఆమె గడప మీద కట్టెయిపోయి ఉంది. మొహం చెల్లక దానయ్య మల్కాజ్‌గిరి పారిపోతే, వాడకట్టువాళ్లే ఈ గోరీల మధ్య మట్టి చేశారు. ఆనక ఆ గదికే తిరిగొచ్చినా, ఏది ఆమెదో అతనికి తెలియదు.

పదకొండేళ్లకు, ఆ మట్టి చేసినవాళ్లలో మిగిలింది రాములవ్వ ఒక్కతే. గోరీల దగ్గర కూర్చుని ఒక్కొక్కరి సంగతీ చెప్పేది. ఇది సగం లాలాగూడకు పురుడు పోసిన మంత్రసాని. ఇతను రైల్వే ఫిట్టరు, పెళ్లాం వండింది ఏనాడూ బాగుందనలేదు. ఈ చిన్నది బెల్లం దొంగ. శివమ్మది ఏదంటే మాత్రం చెప్పకుండా ఎదురు దెప్పేది.

"అడగాల్సిననాడు అడగకపోతివి. ఇప్పుడేంది?"

చివరి గోరీకి పేరు లేదు. దాని గురించి ఒక్క మాటే చెప్పింది. "దానికి పేరు రాయకు బిడ్డా. రాస్తే పిలిచినట్టే."

దసరా వెళ్లాక రాములవ్వా పోయింది. పదకొండింటికి పేర్లున్నాయి, మిగిలింది ఒకటే, అది శివమ్మదే అయి ఉంటుందని దానయ్య నిశ్చయించుకున్నాడు. ముసలిది కక్షకొద్దీ దాచిందనుకున్నాడు.

నవంబరు రెండున, సమాధుల పండుగ సాయంత్రం, దానికీ సున్నం వేసి 'శివమ్మ' అని రాశాడు. పన్నెండు కొవ్వొత్తులూ ముట్టించి మోకాళ్ల మీద కూలబడ్డాడు. తప్పయిందని ఏడ్చాడు. ఇంటికి రమ్మని బతిమాలాడు.

గాలి ఆగిపోయింది. తడి సున్నం వాసన గొంతులోకి దిగింది. గాలే లేదు… అయినా పదకొండు కొవ్వొత్తులు ఆరిపోయాయి. పన్నెండోది నిటారుగా వెలుగుతోంది.

మట్టిలోంచి గుసగుస.

"వస్తా… దానయ్యా."

ఇరవయ్యేళ్ల కాపురంలో శివమ్మ ఒక్కనాడూ మొగుడి పేరు నోట పలకలేదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే పక్కింటామెతో చెప్పించింది.

మరి ఇది ఎవరు? శివమ్మను ఎక్కడ పెట్టారు?

అరచేతులతో పేరు చెరిపాడు. రంగు చేతులకంటింది గానీ పేరు పోలేదు. పరుగెత్తాడు. తార్నాకలోని గదికి వచ్చి గడియ పెట్టాకే ఊపిరి పీల్చుకున్నాడు.

తలుపు మీద తట్టిన చప్పుడు… మెల్లగా.

"ఏమయ్యా… గడియ తియ్యి."

ఆమెదే. వణుకుతో సహా ఆ గొంతు ఆమెదే. ఈ ఒక్క పిలుపు కోసమే ఇన్నేళ్లూ బతికాడు. వెక్కివెక్కి ఏడుస్తూ గడియ మీద చెయ్యి వేశాడు.

"తియ్యకు… దానయ్యా."

ఈ మాట వెనక నుంచి వచ్చింది. గదిలోంచి. అతని చేతి మీద ఇంకో చెయ్యి పడింది. దాని సున్నం తడి ఇంకా ఆరలేదు.

బయట శివమ్మ దగ్గుతూ గడప మీద కూర్చుంటున్న చప్పుడు వినిపించింది.