వెళ్ళేటప్పుడు అడిగిన ప్రశ్న

"గురువారం పదకొండింటికి ఈ మనిషిని చంపబోతున్నారు. చావనివ్వకూడదు," అంటూ చీఫ్ విజయభాస్కర్ ఒక ఫోటో అచ్యుత్ ముందుకి తోశాడు.

లండన్, 2006 మార్చి. ఫోటోలో తెల్లజుట్టు, ఎర్రముక్కు, వెడల్పాటి హ్యాట్. అమెరికన్ కాంగ్రెస్‌మన్ ఆర్లో టల్లీ. కాన్సాస్‌లో బడిపంతులు. రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచాడు. వరసగా పదకొండు టర్ములు. ఏ ఆయుధాల కంపెనీ విందుకీ వెళ్ళని మొండిఘటం. మన సరిహద్దుల అవతలికి క్షిపణి భాగాలు దొంగచాటుగా చేరవేసే ముఠా మీద ఎంక్వైరీ ఆయన చేతిలోనే ఉంది. సాక్షి లండన్ పక్కనే బ్రాక్‌నెల్‌లో ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు. గురువారం టల్లీ అక్కడికెళ్ళి వాంగ్మూలం తీసుకోవాలి.

"ప్రోగ్రాం మనిద్దరికీ, ఇక్కడి పోలీసులకీ తప్ప తెలీకూడదు. హైమక్కూడా చెప్పకు."

ఏజెంట్ అచ్యుత్‌కి చురుక్కుమంది. హైమ కూడా ఏజెంటే. మూడేళ్ళుగా హౌన్‌స్లో ఏరియా ఫ్లాట్‌లో అతని భార్యగా నటిస్తోంది. నటన ఎక్కడిదాకా అన్నది అచ్యుత్ ఈమధ్య పట్టించుకోవడం మానేశాడు.

గురువారం పొద్దున అతను బూట్ల లేసులు కట్టుకుంటుంటే హైమ నవ్వుతూ గుమ్మం దగ్గరికొచ్చింది. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆయుధాల లిస్టులో రాయడం మర్చిపోయారుగానీ, ఆ నవ్వుకీ లైసెన్సు ఉండాలి.

"ఎక్కడికి?" అంది.

లేసు పట్టుకున్న చెయ్యి ఆగింది. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని కాకినాడలో వాళ్ళమ్మ నేర్పింది. ఒకసారి పైఫ్లాట్ బాలమణి ఆంటీ అడిగితే హైమే కస్సుమంది. ఈ రోజు అంత అవసరం ఏమొచ్చింది?

"బ్రాక్‌నెల్. ఫ్రంట్ గేట్, ఎర్ర కారు, పదకొండింటికి," అన్నాడు. ప్రోగ్రాంలో ఉన్నది బ్యాక్ గేట్, తెల్ల వ్యాన్.

హైమ నాలిక కరుచుకుంది. "అయ్యో, అడిగేశాను! కాసేపు కూర్చో, మంచినీళ్ళు తాగి వెళ్దువుగాని."

ఆమె కిచెన్‌లోకి వెళ్ళింది. హ్యాండ్‌బ్యాగ్ సోఫా మీదే ఉంది. గ్లాసు నిండేలోగా అచ్యుత్ ఆ బ్యాగ్‌లో ఒక చిన్న పని చేశాడు. తన అనుమానం తప్పు కావాలని మొక్కుకుంటూనే చేశాడు.

పదకొండింటికి ఫ్రంట్ గేట్ దగ్గర ఎర్ర కారు ఆగింది. వెనక సీట్లో వెడల్పాటి హ్యాట్. పార్కింగ్ వార్డెన్ యూనిఫాంలో ఒకామె వచ్చి అద్దం తట్టింది. అద్దం దిగింది. ఆమె టికెట్ పుస్తకం కింద పిస్టల్ ఉంది.

హైమ హ్యాట్ కింది మొహం చూసింది. అచ్యుత్‌ని గుర్తుపట్టింది. గుర్తుపట్టాకే ట్రిగ్గర్ నొక్కింది.

టిక్. ఇంకోసారి టిక్.

పోలీసులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

"డమ్మీ తూటాలు. పొద్దున మార్చాను," అన్నాడు అచ్యుత్.

"ఎలా తెలిసింది?"

"మూడేళ్ళలో ఎన్నడూ ఎక్కడికని అడగలేదు కదా."

"నిన్ను చంపాలనుకోలేదు, అచ్యుత్."

"రెండుసార్లు నొక్కావు, హైమా."

పోలీసులు ఆమెని తీసుకెళ్ళారు. అచ్యుత్‌కి ఏడుపొచ్చింది. హ్యాట్ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

లోపల సాక్షి వాంగ్మూలం అయిపోయింది. బ్యాక్ గేట్‌లోంచి వచ్చిన టల్లీ అంతా విని, అచ్యుత్ దగ్గర్నుంచి తన హ్యాట్ తీసుకున్నాడు.

"మొదటి ఎన్నికలో ఒక్క ఓటుతో ఓడిపోయాను," అన్నాడు. "ఆ రోజు మా ఆవిడ ఓటెయ్యలేదు. నేను వాషింగ్టన్ వెళ్ళిపోతానని భయమట."

"మళ్ళీ ఎలా నమ్మారు సార్?"

"నమ్మానని ఎవరన్నారు? ఆ తర్వాత ప్రతి ఎన్నికకీ చెయ్యి పట్టుకుని బూత్‌కి నేనే తీసుకెళ్ళాను."

అచ్యుత్ బయటికి నడిచాడు. గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ కారు తలుపు తీస్తూ మర్యాదగా అడిగాడు.

"ఎక్కడికి సార్?"

అచ్యుత్ వెనక్కొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక గ్లాసు ఇప్పించండి. ఈసారి మంచినీళ్ళు నేనే పట్టుకుంటాను, కుళాయి చూపిస్తే చాలు."