ఆరో కేక

తిరువూరు దాటి గంపలగూడెం రోడ్డున రెండు మైళ్లు పోతే, ఎడమచేతి వైపు మామిడితోటల్లో అయిదు మేడలుండేవి. డెబ్భైల్లో అన్నీ ఒకదాని వెనక ఒకటి లేచాయి. మొదటిది ఓ పొగాకు వ్యాపారిది, రెండోది ఎముకల డాక్టరుది, మూడోది సినిమాహాళ్ల ఆసామిది, నాలుగోది ఎవరో కాంట్రాక్టరుది. ఆ నలుగురూ శనివారం సాయంత్రం బెజవాడ నుంచి కార్లేసుకుని వచ్చి, మొజాయిక్ వరండాల్లో కాళ్లు చాపుకుని, ఆహా ఏం గాలి, ఆహా ఏం కోయిల అనుకుని సోమవారం తెల్లారకముందే మళ్లీ ఆ పొగలోకి పోయేవాళ్లు. నిజంగా కాపురం ఉన్నది అయిదో మేడలోనే. వాగు ఒడ్డున ఉన్న ఆ మేడ రిటైరైన ఇంజనీరు కృపానందం గారిది.

ఆయన భార్య సరోజినీదేవికి ఆ చోటు ఒక్కనాడూ ఒంటబట్టలేదు. ముప్ఫై ఏళ్లు గవర్నమెంటు క్వార్టర్సుల్లో, పక్కింటి తాలింపు వాసన తన వంటింట్లోకి వచ్చేంత దగ్గరగా బతికిన మనిషి. ఇక్కడ చూస్తే ఎటు చూసినా చెట్లే. ఆయనకేమో చెట్లంటే ప్రాణం. "స్వర్గం ఇంకెక్కడో ఉందనుకుంటారు పిచ్చివాళ్లు" అనేవారు, ముక్కుపొడుం డబ్బా మూత తీస్తూ.

కృపానందం గారికి మాటల పిచ్చి. మొదలెడితే ఆపరు. ఆమె కూర తరుగుతూనో, జాకెట్టు కుట్టుకుంటూనో ఊఁ కొట్టేది. విన్నా ఊఁ, వినకపోయినా ఊఁ. ఒకసారి ఆయన పరీక్ష పెట్టడానికి, చెబుతున్న కబురు మధ్యలో, "వంటింట్లో పులి దూరింది" అన్నారు. దానికీ ఊఁ అంది మహాతల్లి. ఆ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేది కూతురు హన్నమ్మ. ఆ పిల్ల బెజవాడలో నర్సు.

అలాంటి మాటల మనిషికి నోరు పడిపోయింది. పోయిన ఆగస్టులో, వాగు నిండుగా పారుతున్న రోజుల్లో, ఆయన మునిమాపు వేళ వరండాలో కూచుని ఉన్నారు. వంటింట్లో ఉన్న ఆమెకి "ఎవరది?" అన్న ఆయన గొంతు వినబడింది. పాలవాడేమో అనుకుంది. వెంటనే కుర్చీ పడిన చప్పుడు. పరుగెత్తుకొచ్చేసరికి ఆయన నేల మీద ఉన్నారు, మూతి ఒక పక్కకి లాగేసింది. పక్షవాతం అన్నాడు డాక్టరు. కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా మూడూ పోయాయి. అక్షరాలు కూడా పోయాయి. పలక ఇస్తే ఎడమచేత్తో గీతలు గీసేవారు, అంతే.

ఎనిమిది నెలలుగా ఆమె అడగని రోజు లేదు. ప్రభువా, ఒక్క మాట. తిట్టినా సరే, ఆ గొంతు ఒక్కసారి వినిపించు.

ఆ తోటల్లో ఒక పాత అలవాటు ఉండేది. మేడలు లేవకముందు నుంచీ ఉన్నదే. దీపాలు పెట్టే వేళకి మొదటి తోట కాపలావాడు "ఓహోయ్" అని కేకేస్తాడు. అది విని రెండో తోటవాడు, తర్వాత మూడోవాడు, అలా అయిదో తోట దాకా వస్తుంది కేక. రాత్రి తొమ్మిదికి ఆఖరి బస్సు హారను వినబడగానే మళ్లీ ఒక వరస. ఎవరి కేక వినబడకపోతే వాడికి పామో, దొంగో తగిలినట్టు లెక్క. మిగతా నలుగురూ కర్రలూ లాంతర్లూ పట్టుకుని అక్కడికి పరుగెత్తుకొస్తారు. కేకేస్తే అంతా క్షేమం. కేకెయ్యకపోతేనే ఆపద.

ఆ కేకలు మొదలయ్యేసరికి కృపానందం గారు ఎడమచేత్తో మంచంపట్టె మీద టకటకా కొట్టేవారు. పాపం, ఆయనకి హుషారు, తనూ కేకెయ్యాలని ఉంది అనుకునేది ఆమె. ఒకరోజు పలక మీద అయిదు గీతలు గీసి, కాస్త ఎడంగా ఆరోది గీసి, బలపం విరిగేదాకా దాన్ని కొట్టేశారు. తోటలు లెక్కబెడుతున్నారని మురిసిపోయి డాక్టరుకి చూపించింది. అతను తల ఊపి బి విటమిను మాత్రలు రాసిచ్చాడు.

ఏప్రిల్ నెల, గురువారం. అయిదో తోట కాపలా సుభానిది. మధ్యాహ్నం మూడింటికి చేతులు నలుపుకుంటూ వచ్చాడు. గంపలగూడెంలో కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చిందట.

"వెళ్లు సుభానీ, నాకేం భయం" అంది సరోజినీదేవి.

"భయమని కాదమ్మగారూ. నా కేక వినబడకపోతే ఆ నలుగురూ పడుతూ లేస్తూ వస్తారు. పిల్ల ఎలా ఉందో అన్న కంగారులో వాళ్లకి చెప్పకుండానే పోతున్నా. మీరు కాస్త నా బదులు..."

ఆమెకి నవ్వొచ్చింది. "ఈ వయసులో నా చేత కేకలు వేయిస్తావా."

"వేసెయ్యండి. ఒక్క మాట మాత్రం..." సుభాని ఆగి వాగు వైపు చూశాడు. "మన తర్వాత తోట లేదు. వాగే. మనం కేకేశాక అటు నుంచి ఇంకొకటి వస్తే మాత్రం పలక్కండి. నోరు మెదపొద్దు. పెద్దాళ్లు చెప్పేవాళ్లు."

"ఎందుకట?"

"ఏమోనండి. అయ్యగారికి కూడా మొదట్లోనే చెప్పాను. నవ్వేశారు."

ఆమె కూడా నవ్వింది. అతను వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. గాలి ఆగిపోయింది. మామిడాకు ఒక్కటీ కదలడం లేదు. ఆరున్నరకి కరెంటు పోయింది, అది రోజూ ఉన్నదే. ఆమె లాంతరు వెలిగించి ఆయన మంచం పక్కన పెట్టింది. అంతలో దూరంగా మొదటి కేక. తర్వాత రెండోది, మూడోది. నాలుగోది దగ్గర్లోనే. సరోజినీదేవి వరండాలోకి వెళ్లి, చుట్టూ చూసి, చిన్నపిల్లలా సిగ్గుపడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "ఓహోయ్" అంది. నాలుగో తోటలో ఎవరో నవ్వారు.

నవ్వుకుంటూ లోపలికొచ్చింది. ఆయన మంచంపట్టెని కొడుతూనే ఉన్నారు. "చాలు లెండి, నా కేక అంత బాగుందా" అంటూ పక్కన కూచుంది.

అప్పుడు వాగు వైపు నుంచి వినబడింది.

"సరోజా... టార్చి పట్రా."

ఆమె ప్రాణం లేచొచ్చింది. సగం లేచి నిలబడింది కూడా. ఆ గొంతు... ఎనిమిది నెలలు ఆమె అడుక్కున్న గొంతు. ఆ చివర్లో చిన్న దగ్గు, ఆ విసుగు, అంతా ఆయనదే.

లాంతరు వెలుగులో మంచం వైపు చూసింది. ఆయన నోరు మూసే ఉంది. కళ్లు మాత్రం విప్పారి ఉన్నాయి. తల అడ్డంగా ఊపుతున్నారు. ఎడమచెయ్యి వచ్చి ఆమె మణికట్టుని పట్టుకుంది. గాజు ఒకటి చిట్లింది.

ఆగస్టులో ఆయన "ఎవరది?" అని అడిగింది పాలవాణ్ని కాదు. అది ఆమెకి అప్పుడు అర్థమైంది. రోజూ పట్టెని కొట్టింది హుషారుతో కాదు. ఎనిమిది నెలలుగా చెబుతూనే ఉన్నారు. తనే విటమిను మాత్రలు మింగించింది.

"సరోజా... ఇక్కడంతా అడుసుగా ఉంది. టార్చి పట్రా."

వాగు ఎండి రెండు నెలలైంది. అడుసెక్కడిది...

ఈసారి గొంతు బావి దగ్గర నుంచి వచ్చింది. కాసేపటికి నిమ్మచెట్టు దగ్గర నుంచి. తర్వాత కిటికీ కింద. తడి ఇసుక వాసన గదిలోకి వచ్చింది. దాని వెనకే ముక్కుపొడుం వాసన. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పొడుం డబ్బా మూత తీసినవాళ్లు లేరు.

అరుద్దామంటే, నోరు తెరిస్తే దానికి పలికినట్టవుతుందేమో. పారిపోదామంటే, ఈ మనిషిని ఎత్తుకుని పోలేదు, వదిలీ పోలేదు. చుట్టుపక్కల నాలుగు మేడలూ తాళాలేసి ఉన్నాయి. మనుషులంటూ ఉంటే ఆ నలుగురు కాపలావాళ్లే. వాళ్లని పిలిచే దారి ఒక్కటే, తొమ్మిదింటికి కేకెయ్యకుండా ఉండటం. పైట కొంగు నోట్లో కుక్కుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూచుంది. ఏడున్నర అయింది. ఎనిమిది అయింది. కిటికీ కింద అది పిలుస్తూనే ఉంది, విసుక్కుంటూ, బతిమాలుతూ...

ఆఖరి బస్సు హారను వినబడింది.

మొదటి కేక. రెండు. మూడు. నాలుగు.

ఆమె ఊపిరి బిగబట్టింది. రండి నాయనా. లాంతర్లు పట్టుకుని రండి. ఇక్కడ ఎవరూ కేకెయ్యడం లేదు, చూడండి...

"ఓహోయ్."

కిటికీ కింద నుంచి. మగ గొంతు.

"ఏం సుభానీ, వచ్చేశావా?" అని నాలుగో తోట నుంచి అడిగారు.

"ఆఁ. వచ్చేశా" అంది కిటికీ కింద గొంతు.

దూరంగా ఎవరో బీడీ దగ్గు దగ్గారు. తర్వాత తోటలన్నీ నిశ్శబ్దమైపోయాయి. ఇక తెల్లారేదాకా ఎవరూ రారు. సరోజినీదేవి ఏడ్చింది, చప్పుడు కాకుండా. ఆయన పట్టు మాత్రం సడలలేదు.

ఆ తర్వాత అది పిలవడం మానేసింది.

కబుర్లు మొదలెట్టింది.

"నందిగామ క్వార్టర్సు గుర్తుందా... హన్నమ్మ పుట్టిన ఏడు. ఇల్లంతా కారుతుంటే నువ్వు పిల్లని బల్ల కింద పడుకోబెట్టావు. నేను గొడుగేసుకుని అన్నం తిన్నాను..."

అవన్నీ నిజమే. ఆ ఇంట్లో ఇద్దరికే తెలిసిన సంగతులు. తీరిగ్గా, ఎక్కడా తొందర లేకుండా, ఆయన చెప్పినట్టే చెబుతోంది. మొదట చెవులు మూసుకుంది. చేతులు నొప్పి పుట్టి తీసేసింది. తర్వాత విన్నది. వినకూడదని తెలుసు, అయినా విన్నది. ఎనిమిది నెలల కరువు మరి. ఏడుస్తూ విన్నది. మాట జారబోయినప్పుడల్లా ఆయన ఆమె చెయ్యి నొక్కుతున్నారు. గంట దాటింది. ఆయన ముసలి చెయ్యి, జబ్బు చెయ్యి. మెల్లిగా పట్టు వదులైంది. కళ్లు మూతలు పడ్డాయి. ఆమె తల కూడా మంచంపట్టె మీదికి వాలింది.

"... బ్రిడ్జి పని మీద నేను పొద్దున్నే లేచేవాణ్ని. నువ్వేమో కుంపటి రాజేస్తూ... చలికాలం... వంటింట్లో పులి దూరింది..."

నిద్రలోనే ఆమె పెదాల మీదికి నవ్వొచ్చింది.

"ఊఁ" అంది.

కిటికీ కింద మాట ఆగిపోయింది.

ఆమె కళ్లు తెరిచింది. లాంతరు వెలుగుతూనే ఉంది. కృపానందం గారు మేలుకుని ఆమెనే చూస్తున్నారు. ఆ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఏమైందండీ అందామనుకుంది. నోరు తెరుచుకుంది, అంతే. లేవబోతే కుడికాలు కింద నేల లేనట్టుగా అయి, మంచం పక్కనే పడిపోయింది.

పొద్దున్న సుభాని వచ్చాడు. మనవడు పుట్టాడని చెప్పడానికి బెల్లం ముక్క పట్టుకొచ్చాడు. ఆమెని చూసి దాన్ని అక్కడే పారేసి తిరువూరు పరుగెత్తాడు. డాక్టరు వచ్చి చూశాడు. ఒకే ఇంట్లో ఇద్దరికా అని ఆశ్చర్యపోయాడు. సుభాని చేత హన్నమ్మకి టెలిగ్రాం ఇప్పించాడు. ఆమెని భర్త పక్కనే ఇంకో మంచం మీద పడుకోబెట్టారు.

"రాత్రి మీరే కేకేసినట్టున్నారు గదమ్మా, రెండుసార్లూ" అన్నాడు సుభాని, మంచం కాళ్ల దగ్గర కూచుని. "రెండోసారి నేనొచ్చేశానని కూడా చెప్పారంట. అది నా గొంతే అనుకున్నారు వాళ్లు." అని ఆమె మొహం చూసి, లేచి కిటికీ మూసేశాడు.

టెలిగ్రాం అందగానే హన్నమ్మ బయల్దేరుతుంది. సాయంత్రం బస్సుకి వస్తుంది. మునిమాపుకి రోడ్డు మీద దిగి, తోట దారంట ఒక్కతే నడిచి వస్తుంది. సరోజినీదేవి పగలంతా ఈ లెక్కే వేసుకుంది. పలక కోసం ఎడమచెయ్యి చాపి చూపించింది. సుభానికి అర్థం కాక మంచినీళ్లు తాగించాడు.

చీకటి పడింది. కరెంటు పోయింది. కేకలు వరసగా వచ్చాయి. అయిదోది సుభానిది, తోట అవతలి మూల మోటారు షెడ్డు దగ్గర నుంచి.

ఆ తర్వాత వాగు వైపు నుంచి మాటలు వినబడ్డాయి. ఆయన గొంతు ఏదో తీరిగ్గా చెబుతోంది. మధ్యమధ్య ఒక ఆడగొంతు ఊఁ కొడుతోంది. సరోజినీదేవి ఆ ఊఁని గుర్తుపట్టింది. తన జన్మంతా తన నోటి నుంచి వచ్చిన ఊఁ అది.

గేటు కిర్రుమంది. కంకర మీద చెప్పుల చప్పుడు. తొందరగా వస్తున్న నడక, చేతిలో బరువుంది.

వాగు దగ్గర మాటలు ఆగాయి.

"హన్నా... ఇటు రావే తల్లీ" అంది తన గొంతు.

కంకర మీద చెప్పుల చప్పుడు ఆగిపోయింది. రెండు మంచాల మీదా రెండు ఎడమచేతులు పట్టెల్ని కొట్టసాగాయి... టకటకా, టకటకా... వేళ్లు చిట్లేలా... వరండాకి పది అడుగుల దూరంలో హన్నమ్మ సంచీ కింద పెట్టి వాగు వైపు తిరిగింది.

"అమ్మా? ఒంట్లో బాలేదని చెప్పి, ఈ చీకట్లో అక్కడేం చేస్తున్నావే?"